పట్టేసిన పాత జాన్సన్ బోటు మోటారు: ఇంజిన్ మొత్తం విప్పాలా?

గరాజ్ సేల్‌లో 1956 నాటి 10 హార్స్‌పవర్ జాన్సన్ సీ హార్స్ కొన్నాను, తాడు లాగితే కదలడం లేదు, ఇంజిన్ మొత్తం విప్పి కొత్తగా కట్టాలా అని అడిగారు. వద్దండీ. క్రాంక్‌కేసు (ఇంజిన్ లోపలి ఇరుసు ఉండే పెట్టె) జోలికి పోకండి.

అమెరికాలో విస్కాన్సిన్ వచ్చాక నాకు పట్టుకున్న పిచ్చి ఇది. 1909లో ఓలే ఎవిన్‌రూడ్ పడవ వెనక తగిలించే ఈ రకం మోటార్ల వ్యాపారం మొదలుపెట్టింది ఇక్కడి మిల్వాకీలోనే. రాజ్‌దూత్ నడిపినవాళ్లకు ఇందులో కొత్తేమీ ఉండదు, అదే టూ-స్ట్రోక్.

నా మోటారూ ఇలాగే పట్టేసింది. పక్కింటి పెద్దాయన లేత్ మీదే బతుకంతా గడిపి రిటైరయ్యాడు. ఆయనొచ్చి మోటారును ప్లగ్గు రంధ్రాలు పైకి వచ్చేలా పడుకోబెట్టించాడు. ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఆయిలూ అసిటోనూ సగం సగం కలిపి వాటిలో పోశాడు. ఆ తర్వాత రోజూ సాయంత్రం రావడం, ఫ్లైవీల్ (ఇంజిన్ పైనున్న బరువైన చక్రం) మీద చెయ్యేసి ఇటూ అటూ కొంచెం అనడం, వెళ్లిపోవడం. బలం మాత్రం పెట్టడు. నాకేమో టెన్షన్. ఓ రోజు అది వెంట్రుకవాసి కదిలింది. ఆయన నా వైపు కూడా చూడకుండా ఎగ్జాస్ట్ మూత విప్పి, పోర్టులోంచి (సిలిండర్ గోడలోని పొగ రంధ్రం) చెక్కపుల్లతో పిస్టన్ రింగును నొక్కాడు. లోపలికి పోయి మళ్లీ ముందుకొచ్చింది. రెండో సిలిండర్‌లో రింగు రాయిలా ఉంది, మసి పట్టి గాడిలో ఇరుక్కుపోయింది. మళ్లీ నానబెట్టాం, అదీ వదిలింది. సిలిండర్ గోడలకు గీతల్లేవు. ఇక విప్పడానికేముంది?

నిలువు గీతలు లోతుగా ఉంటే మాత్రం తప్పదు. అప్పుడు పిస్టన్‌ను క్రాంక్‌కు కలిపే రాడ్లలో ఏ క్యాపు ఏ రాడ్‌దో, ఎటు తిరిగి ఉందో గుర్తు పెట్టుకోండి. పిస్టన్ తలపై ఏటవాలు వైపు ఎగ్జాస్ట్‌కే ఉండాలి. రింగు కొసలు గాడిలోని పిన్ను దగ్గరే కలవాలి, లేకపోతే పోర్టుకు తగులుకుని విరుగుతాయి.

అసలు జబ్బు ఎప్పుడూ ఫ్లైవీల్ కిందే. స్పార్క్ పుట్టించే ఆనాటి కాయిల్స్ అన్నీ పగిలే ఉంటాయి, చూడక్కర్లేదు, మార్చేయండి. జాన్సన్‌తో ఒకే కంపెనీ కింద ఉన్న ఎవిన్‌రూడ్ మోటార్ల తయారీ కూడా 2020లో ఆగిపోయినా ఈ కాయిల్స్ ఇప్పటికీ దొరుకుతున్నాయి. స్పార్క్ కోసం తెరుచుకుని మూసుకునే పాయింట్ల గ్యాప్ 20 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు). నీళ్ల పంపులో రబ్బరు ఇంపెల్లర్ (నీళ్లు తోసే రెక్కల చక్రం) కూడా మార్చండి. ఇవేమీ చెయ్యకుండా ముందు రంగేసి, స్టిక్కర్లంటించి వీడియో పెట్టేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మంట. లోపల స్పార్కే ఉండదు, పైన అద్దంలా మెరుస్తూ ఉంటుంది!

ఇక ఇథనాల్ కలిపిన పెట్రోలు. తేమ పీల్చి, పాత గొట్టాలను, కార్బురేటర్‌ను పాడుచేస్తుంది. డబ్బు ఎక్కువైనా ఇథనాల్ లేనిదే కొని, 24 పాళ్లకు 1 పాలు టీసీ-డబ్ల్యూ3 ఆయిల్ (బోటు టూ-స్ట్రోక్‌లకు చేసిన రకం) కలపండి. కొత్త మోటార్ల లెక్కన 50కి 1 కలపమనేవాళ్ల మాట వినకండి.

మీ మోటారుకు ఫ్యూయల్ పంపు ఉండదు. ట్యాంకుకు రెండు గొట్టాలుంటాయి. ఒకదాంట్లో ఇంజిన్ నుంచి గాలి వస్తుంది, ఆ ఒత్తిడికి రెండో దాంట్లోంచి పెట్రోలు ఇంజిన్‌కు వెళుతుంది. ఆపిన వెంటనే మూత తిప్పితే పెట్రోలు ముఖాన చిమ్ముతుంది. ముందు గాలి వదలండి, తర్వాతే మూత తీయండి.