పురుగుల షెడ్డు వేస్తా ఉండావంట కదా పాపా

పాపా,

నిన్న అక్క ఫోన్ చేసి బంగారుపాళెం తోపు పక్కన నువ్వు మామిడి తొక్కలు తిని కోళ్ళకి మేతయ్యే పురుగుల షెడ్డు వేస్తా ఉండావని చెప్పింది, రాత్రంతా నిద్ర లేదు నాకు. సంతోషమా భయమా అంటే రెండూ. 2025లో తోతాపురి మామిడికి కిలోకి ఫ్యాక్టరీ 8 రూపాయలు, గవర్నమెంటు 4 అన్న ఏడాది, లైన్లో నిలబడిన లోడ్లు కుళ్ళిపోతా ఉంటే చూసి ఏడ్చినావు కదా, అది మనసులో పెట్టుకునే ఈ పని ఎత్తుకున్నావని తెలుసులే.

ఈ పురుగుల తల్లి, బ్లాక్ సోల్జర్ ఈగ, కుట్టదు, దానికి తిండీ పెట్టనక్కర్లేదు, వారం పది రోజులు బతికి గుడ్లు పెట్టి పోతాది. గుడ్లు నాలుగు రోజుల్లో పగుల్తాయి, పురుగు రెండు వారాలు తింటాది. కోళ్ళకైతే నల్లబడకముందే తియ్, నల్లబడినవి మళ్ళీ ఈగలయ్యేదానికి ఉంచుకో. టెంకలు ఏరేయ్, వాటిని అవి ముట్టవు. ఇదంతా వీడియోల్లో చూసే ఉంటావు.

వీడియోల్లో లేంది ఒకటి చెప్తా. పాకాలలో నేను తొట్లు కట్టిన మొదటి జూన్లో పల్ప్ ఫ్యాక్టరీ నుంచి ట్రాక్టర్ అబ్బాయి వచ్చి తొక్కలూ పీచూ ఊరికే ఇస్తా మామా, దించుకునేదే నీ పని అన్నాడు. ఊరికే అనేసరికి ఒళ్ళు తెలీలేదు నాకు. జానెడు కూడా పోయకూడని చోట మోకాలెత్తు పోసి, టార్పాలిన్ కప్పేసి, మీ అత్తని తీసుకుని అలిపిరి మెట్లెక్కి కొండకి పోయినా. రెండు రాత్రులే. వచ్చి టార్పాలిన్ ఎత్తితే మొహానికి ఆవిరి కొట్టింది, చెయ్యి పెడితే ఉడుకు సంగటిలో పెట్టినట్టే. పురుగులు తినేటప్పుడే వేడి పుడతాది కదా, అంత మందంలో గాలాడక రసం పులిసిపోయి అడుగున ఉండేవి ఉడికిపోయినాయి, పైన ఉండేవి గోడెక్కి పక్కింటి వాకిట్లోకి దిగినాయి. ఆ రోజు వాళ్ళింట్లో సీమంతం. చాపల మీద, ఆఖరికి తాంబూలం పళ్ళెంలో కూడా. ఆ పెద్దాయన ఒక్క మాట అనలేదు పాపా, చీపురు తీసుకుని ఊడ్చుకుంటా ఉన్నాడు. నేను పోయి ఊడవబోతే నా చేతిలో చీపురు లాగేసుకున్నాడు. తిట్టుంటే బాగుండు. మూడేండ్లు మాటల్లేవు.

అందుకే చెప్తా ఉండా, ట్రాక్టర్ వస్తే వెనక్కి పంపించెయ్. నిన్న వేసింది తిన్నాకే ఈ రోజుది వెయ్యి. మామిడి తొక్క బో నీరు, తవుడు కలుపు, గుప్పెడు పిండితే వేళ్ళ సందుల్లో ఒకటి రెండు చుక్కలే రావాల. రసం బావి వైపు పారకుండా చూసుకో.

నీకు వద్దనడం రాదే, అదే నా భయం. చిన్నప్పుడు గంగజాతరలో ఎవరేం కొనిచ్చినా ఒళ్ళో వేసుకుని, ఏదీ తినకుండా నా భుజం మీదే నిద్రపోయినదానివి, బొరుగులన్నీ నా చొక్కాలో.

చీమలు ఎక్కకుండా గుడ్లు పెట్టే బల్ల కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టాల, ఒక్క రాత్రిలో గుడ్లన్నీ ఎత్తుకుపోతాయి అవి. మీ అత్త పాత సత్తు గిన్నెలు నాలుగు తీసిపెట్టింది. ఒకదానికి చిల్లుంది, ఎంసీల్ వేసి ఆరబెట్టినా. ఆదివారం పొద్దున బస్సుకి తెస్తా, అంతవరకు గుడ్లు తెప్పించొద్దు.

మామ