జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు చింతపల్లి కోట వదిలి అమరావతికి ఎందుకు వచ్చాడు? అన్నంలో పురుగుల కథ నిజమేనా?

గుంటూరు వైపు పెద్దవాళ్లు చెప్పే కథ ఇది. తన జమీలో దోపిడీలు చేస్తున్నారని చెంచులను జమీందారు విందుకి పిలిచి, నరికించాడట. ఆ చోటే నరుకుళ్లపాడు అంటారు. అప్పటినుంచి ఆయన విస్తరి ముందు కూర్చుంటే చాలు, మెతుకులన్నీ పురుగుల్లా కదిలేవట. చివరికి అమరేశ్వరుడి పాదాలు పట్టుకున్నాకే ముద్ద దిగిందట.

పురుగుల మాట అటుంచితే, చరిత్రకారులు చెప్పే కారణం వేరు: చింతపల్లిలో ఈస్టిండియా కంపెనీ వాళ్ల జోక్యం నచ్చక 1790లలో మకాం మార్చాడని. రెండూ కలిసే ఉండొచ్చని నాకనిపిస్తుంది. అమరేశ్వరుడి గుడిని బాగుచేయించిన మాట మాత్రం నిజం.

అసలు ఆసక్తికరమైన సంగతి వేరే ఉంది. కొత్త ఊరికీ భవనాలకీ ఇటుకలూ రాళ్లూ కావాలి కదా, పక్కనే ఉన్న దీపాలదిన్నె అనే దిబ్బను తవ్వించారు. అది బౌద్ధుల మహాస్తూపమని వాళ్లకేం తెలుసు! చెక్కిన సున్నపురాతి పలకలు బయటపడ్డాయని విని 1797లో కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు. 1816లో మళ్లీ వచ్చి బొమ్మలు గీయించాడు. అప్పటికే చాలా రాళ్లు గోడల్లోకి వెళ్లిపోయాయి. మిగిలినవాటిలో చాలావరకు ఇప్పుడు చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో, లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి.