34 రిఫరెన్సులు, నాలుగు వేల రూపాయలు

ప్రశ్న: అనంతపురంలో ఎంబీబీఎస్ మూడో ఏడాది చదువుతున్నాను. ఐసీఎంఆర్ ఎస్‌టీఎస్ (వైద్య విద్యార్థులకు స్వల్పకాల పరిశోధన పథకం) కింద రెండు నెలలు పాముకాటు కేసుల మీద ప్రాజెక్టు చేశాను. గైడ్ మేడం రాయమంటే పేపరు రాసి పంపాం. రిఫరెన్సులు (ఆధారంగా చూపిన పేపర్ల జాబితా) తమ పద్ధతిలో లేవంటూ జర్నల్ వాళ్లు నిపుణుల పరిశీలనకు కూడా పంపకుండా తిప్పి పంపారు. ఉన్న 34 రిఫరెన్సులూ సరిచేసి ఇవ్వడానికి ఒక ఏజెన్సీ నాలుగు వేలు అడుగుతోంది. నాన్నేమో ‘అవన్నీ పక్కన పెట్టి నీట్ పీజీకి చదువుకో’ అంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: ముందు నాన్నగారి మాట. ఆయన అన్నదాంట్లో నిజం ఉంది. పీజీ సీటు ర్యాంకుతో వస్తుంది, పేపరు అచ్చయినందుకు నీట్ పీజీలో ఒక్క మార్కు కూడా కలవదు. కాబట్టి ఈ పనికి నెలలు ఇవ్వకండి, రెండు ఆదివారాలు ఇవ్వండి. ఆ రెండు ఆదివారాలూ మాత్రం మీరే కూర్చోండి. రేపు పీజీలో థీసిస్ రాసేటప్పుడు ఎలాగూ ఇదే పని, ఇంతకు మూడింతలు ఉంటుంది.

తిప్పి పంపారని టెన్షన్ పడకండి. మీ పేపరును ఇంకా ఎవరూ చదవలేదు, బాగోలేదని ఎవరూ అనలేదు. ఆఫీసులో దరఖాస్తు ఫారం సరిగా నింపలేదని కౌంటర్ దగ్గరే వెనక్కి ఇచ్చినట్టు, అంతే.

ఏజెన్సీ ఎందుకు వద్దంటున్నానో చెప్తాను. మీ పేపరు మొదటి పేరాలో ‘మన దేశంలో పాముకాటుతో ఏటా ఇన్ని వేల మంది చనిపోతున్నారు’ అనే వాక్యం ఉండే ఉంటుంది. ఆ అంకె ఎక్కడిది? 2011లో ‘ప్లాస్ నెగ్లెక్టెడ్ ట్రాపికల్ డిసీజెస్’లో వచ్చిన పేపరు 2005 సంవత్సరానికి సుమారు 45,900 మరణాలని అంచనా వేసింది. 2020లో ‘ఈలైఫ్’లో వచ్చిన పేపరు 2000 నుంచి 2019 దాకా మొత్తం దాదాపు 12 లక్షలు, అంటే ఏడాదికి సగటున 58,000 అంది. చాలామంది 58,000 అని రాసి పక్కన 2011 పేపరు నంబరు వేస్తారు. లేదంటే ఆ అంకెను ఇతరుల పేపర్లను సమీక్షిస్తూ ఎవరో రాసిన రివ్యూ వ్యాసంలో చూసి, ఆ రివ్యూనే రిఫరెన్సుగా పెడతారు. ఏజెన్సీ కుర్రాడు కామాలు, సెమీకోలన్లు చక్కగా దిద్దుతాడు. ఈ తప్పు మాత్రం అతనికి కనిపించదు, అసలు పేపరు తెరిచిన వాళ్లకే కనిపిస్తుంది. మీ 34లో మీరు నిజంగా తెరిచి చదివినవి ఎన్నో లెక్కపెట్టండి. చదవనివి చదవండి, లేదా తీసేయండి. 34 కాస్తా 22 అయితే పేపరుకు నష్టమేమీ లేదు.

ఇక ఫార్మాటు. వైద్య జర్నళ్లలో ఎక్కువగా నడిచేది వాంకూవర్ పద్ధతి. ఒక జర్నల్ కాదంటే మరోదానికి పేపరంతా కొత్తగా టైపు కొట్టాల్సి వచ్చే రోజుల్లో, 1978లో కొందరు ఎడిటర్లు కెనడాలోని వాంకూవర్‌లో కూర్చుని అందరికీ ఒకే నియమాలు పెట్టుకున్నారు. పేరు అలా వచ్చింది. పేపరులో ఏది ముందు ప్రస్తావిస్తే అది 1, తర్వాతది 2. చివరి జాబితా కూడా అదే వరుసలో ఉంటుంది, అక్షర క్రమంలో కాదు. మీ ఫైల్ తిరిగి రావడానికి ఇదే కారణమై ఉంటుందని నా అనుమానం. ఒకసారి 7 అయిన పేపరు మళ్లీ ఎక్కడ వచ్చినా 7 గానే ఉండాలి.

జర్నల్ పేరును మనకు తోచినట్టు కుదించకూడదు. ఎన్‌ఎల్‌ఎం (అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం) క్యాటలాగ్‌లో వెతికితే అసలు సంక్షిప్త రూపం దొరుకుతుంది. ‘ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్’ అక్కడ ‘ఇండియన్ జె మెడ్ రెస్’. ‘లాన్సెట్’ లాంటి ఒక్క మాట పేర్లను కుదించరు. సంవత్సరం తర్వాత సెమీకోలన్, వాల్యూమ్, కోలన్, పేజీలు, మధ్యలో ఖాళీలు ఉండవు. 284 నుంచి 287 పేజీలైతే 284-7 అని రాస్తే చాలు. ఆన్‌లైన్‌లోనే వచ్చే చాలా జర్నళ్లకు పేజీలుండవు, వ్యాసం నంబరు ఉంటుంది. పైన చెప్పిన ఈలైఫ్ పేపరు 2020;9:ఇ54076. పేజీలు లేవు కదా అని ఆ చోటు ఖాళీగా వదిలేయకండి.

ఎంతమంది రచయితల పేర్లు ఇవ్వాలనేది జర్నల్‌ను బట్టి మారుతుంది. కొన్ని ఆరుగురి తర్వాత ‘ఎట్ ఆల్’ (మరికొందరు) అంటాయి, కొన్ని ముగ్గురితోనే ఆపుతాయి. నంబరు బ్రాకెట్‌లో పెట్టాలా, పైకి ఎత్తి చిన్నగా వేయాలా అన్నదీ అంతే. అందుకే రచయితలకు ఇచ్చిన సూచనలతో పాటు ఆ జర్నల్ తాజా సంచికలోని ఒక పేపరు ప్రింటు తీసి పక్కన పెట్టుకోండి. సూచనలు చదివితే రాని స్పష్టత ఆ ప్రింటు చూస్తే వస్తుంది.

మన తెలుగువాళ్లకు పేర్ల దగ్గర ఇంకో తిప్పలు. వాంకూవర్ పద్ధతిలో ముందు ఇంటిపేరు, తర్వాత చుక్కల్లేని ఇనిషియల్స్. మనకు ఇంటిపేరు ముందుంటుంది, విదేశీ జర్నళ్లు చివరి మాటనే ఇంటిపేరు అనుకుంటాయి. మీరు బయోకెమిస్ట్రీ ల్యాబ్‌లో ఫాస్ఫరస్ లెక్కకట్టిన ఫిస్కే–సుబ్బారావు పద్ధతినే చూడండి. 1925లో ‘జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీ’లో వచ్చిన ఆ పేపరును ప్రపంచమంతా ‘ఫిస్కే సీహెచ్, సుబ్బారావు వై’ అనే రాస్తుంది. మన ఎల్లాప్రగడ సుబ్బారావు ఇంటిపేరు కాస్తా ‘వై’ అనే ఒక్క అక్షరమైపోయింది! దాన్ని మీరు ‘ఎల్లాప్రగడ ఎస్’ అని దిద్దితే వెతికేవాళ్లకు ఆ పేపరే దొరకదు. అచ్చులో ఎలా ఉందో అలాగే ఉంచాలి. మీ పేరు సంగతి కూడా ఇప్పుడే తేల్చుకోండి. ఏ రూపంలో అచ్చు కావాలో ఒకటి ఎంచుకుని, ఎప్పటికీ దాన్నే వాడండి. ఉచితంగా ఓఆర్‌సీఐడీ నంబరు (ఒక్కో పరిశోధకుడికి ఒక్కటే ఉండే గుర్తింపు) తీసుకోండి. మన సీమలో ‘రెడ్డి కె’ అని వెతికితే ఎంతమంది వస్తారో మీకు వేరే చెప్పాలా?

చేత్తో నంబర్లు వేయకండి. మధ్యలో ఒక్క రిఫరెన్సు చేరితే కిందవన్నీ మార్చుకోవాలి. రిఫరెన్సులు దాచి, నంబర్లు వేసిపెట్టే జొటెరో సాఫ్ట్‌వేర్ ఉచితం, వర్డ్‌లోనే పనిచేస్తుంది, జర్నల్ మారితే స్టైల్ మార్చడం ఒక్క క్లిక్కు. వైద్య పేపర్లు వెతికే పబ్‌మెడ్ సైట్ నుంచి నేరుగా అందులోకి తెచ్చుకోవచ్చు. అయితే అది దేవుడేం కాదు. ఒక్కోసారి పేపరు శీర్షికలో ప్రతి మాటకూ పెద్దక్షరంతో తెస్తుంది, ఒక్కోసారి జర్నల్ పూర్తి పేరు దించేస్తుంది. చివర్లో ఒక్కొక్కటీ కళ్లతో చూడాల్సిందే. చాట్‌బాట్‌ను మాత్రం రిఫరెన్సులు ఇమ్మని అడగకండి. ఒక్కోసారి లేని పేపరుకు కూడా రచయితలు, సంవత్సరం, పేజీలతో సహా నమ్మేలా అల్లి ఇస్తుంది. డీఓఐ (పేపరుకు ఆన్‌లైన్‌లో ఉండే శాశ్వత నంబరు) కొట్టి చూస్తే ఏమీ ఉండదు.

అంతా అయ్యాక ఫైల్ మేడంకి చూపించండి. ఆమె పేరు ఏ ఇనిషియల్స్‌తో అచ్చు కావాలో కూడా అడిగి, అప్పుడు పంపండి.