హెడ్‌ఫోన్స్‌తో రాత్రి సాధన.. ఒక చెవిలో శ్రుతి తగ్గినట్టు వినిపిస్తోంది, ఏం చేయాలి?

ప్రశ్న: మాది కడప. వయసు 43. పగలు ఉద్యోగం, రాత్రి పిల్లలు పడుకున్నాక రెండు మూడు గంటలు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కీబోర్డు వాయిస్తూ పాడి రికార్డు చేసుకుంటాను. కొన్ని నెలలుగా సాధన అయ్యాక చెవుల్లో గుయ్యిమని శబ్దం వస్తోంది, తెల్లారేసరికి తగ్గిపోతుంది. ఈమధ్య ఒకే తంబుర శ్రుతి ఎడమ చెవికి సరిగ్గా, కుడి చెవికి కాస్త తగ్గినట్టు వినిపిస్తోంది. రాత్రి బాగుందనుకున్న పాట పొద్దున వింటే శ్రుతి పక్కకి పోయి ఉంటోంది. నా శ్రుతిజ్ఞానం పోతోందా? సాధన మానేయాలా? వెల్లుల్లి వేసి కాచిన నూనె చెవిలో పోసుకోమని మా పెద్దమ్మ అంటోంది.

డాక్టర్ సలహా: సాధన మానక్కర్లేదు, శ్రుతిజ్ఞానం ఎక్కడికీ పోలేదు. తేడా చెవిలో ఉంది. కానీ ఈ వారంలోనే ఇ.ఎన్.టి. డాక్టరుని కలవండి, అప్పటిదాకా హెడ్‌ఫోన్స్ ముట్టుకోవద్దు. గుయ్యిమనే శబ్దం ఒక్కటే అయితే వాల్యూమ్ తగ్గించి చూడమనేవాణ్ని. ఒకే స్వరం రెండు చెవులకి రెండు రకాలుగా వినిపిస్తోందన్నారు చూడండి, దాన్ని మాత్రం వదిలేయకూడదు. దీన్ని వైద్యంలో డిప్లాక్యూసిస్ అంటాం. మామూలు మనిషికి ఇది తెలియను కూడా తెలియదు, శ్రుతి మీద కూర్చునే అలవాటు ఉంది కాబట్టి మీరు పట్టుకున్నారు.

ముందు ఒక చిన్న పని చేయండి. తంబుర యాప్‌ని బాగా తక్కువ సౌండ్‌లో పెట్టి ఒక వైపు ఇయర్‌ఫోన్ మాత్రమే కుడి చెవిలో పెట్టుకుని విని, మెల్లగా షడ్జం కలపండి. తర్వాత అదే ఇయర్‌ఫోన్‌ని ఎడమ చెవికి మార్చండి. కుడి వైపుది కుడికే, ఎడమ వైపుది ఎడమకే పెట్టుకుని పోల్చి చూస్తే తేడా చెవిదో, ఇయర్‌ఫోన్‌దో తెలియదు. ఒకే ఇయర్‌ఫోన్‌తో కూడా కుడి చెవికే తగ్గినట్టుంటే డాక్టరుకి ఈ మాట ఇలాగే చెప్పండి.

ఎందుకిలా అవుతుందంటే, లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో కాక్లియా ఉంటుంది. అందులో ఒక్కో చోటు ఒక్కో స్థాయి స్వరానికి స్పందిస్తుంది. ఒక్కో చెవిలో సుమారు 15 వేల సన్నని కేశకణాలు ఈ పని చేస్తాయి. పెద్ద శబ్దానికి అవి అలిసిపోతే గుయ్యిమంటుంది, విశ్రాంతి ఇస్తే తేరుకుంటాయి. రోజూ అలా అలిసిపోతూ ఉంటే కొన్ని చచ్చిపోతాయి, మనుషుల్లో అవి మళ్ళీ పుట్టవు. కాబట్టి తెల్లారేసరికి తగ్గిపోతోంది కదా అని ధైర్యంగా ఉండకండి.

ఇక ఎంత సౌండ్, ఎంతసేపు అన్న లెక్క. పెద్దవాళ్ళకి వారానికి 40 గంటలు వినాలంటే 80 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అక్కడి నుంచి ప్రతి 3 డెసిబెల్స్ పెరిగితే సమయం సగానికి పడిపోతుంది, అంటే 83కి 20 గంటలు, 86కి 10 గంటలు. మీరు వారంలో దాదాపు 20 గంటలు సాధన చేస్తున్నారు కాబట్టి మీ హద్దు ఎక్కడో మీకే అర్థమవుతుంది. 100 డెసిబెల్స్ అయితే వారం మొత్తం కోటా అరగంటలోపే అయిపోతుంది, ఫుల్ వాల్యూమ్‌లో చాలా హెడ్‌ఫోన్స్ ఆ దరిదాపుల్లోకి పోతాయి.

మన కడప ఎండల్లో ఇంకో సంగతి ఉంది. మార్చి నుంచి జూన్ దాకా రాత్రిపూట కూలర్ లేకుండా గదిలో కూర్చోలేం, కూలర్ హోరు మీద పాట వినపడాలని తెలియకుండానే వాల్యూమ్ పెంచేస్తాం, రెండు గంటలయ్యాక అది పెంచామన్న సంగతే గుర్తుండదు. చెవి మొత్తం మూసే కప్పులున్న హెడ్‌ఫోన్స్ తీసుకోండి, బయటి హోరు తగ్గితే వాల్యూమ్ తగ్గించినా వినబడుతుంది. కూలర్ ఆపి వాల్యూమ్ సెట్ చేసుకుని, తర్వాత కూలర్ వేసినా ఆ వాల్యూమ్‌ని కదిలించకండి. ముప్పావు గంటకోసారి లేచి పది నిమిషాలు చెవులకి ఏమీ లేకుండా తిరగండి.

రాత్రి బాగున్న పాట పొద్దున శ్రుతి తప్పడానికి చెవి అలసట ఒక కారణం, సౌండ్ ఇంకో కారణం. సౌండ్ బాగా పెంచితే కింది స్వరాలు కాస్త దిగినట్టు, బాగా పై స్వరాలు కాస్త ఎక్కినట్టు వినిపిస్తాయి. కీబోర్డులో ఫ్లూట్ లాంటి సాదా టోన్లకి ఇది ఎక్కువ. దీనికి తోడు పాడేటప్పుడు మన గొంతు ఎముకల ద్వారా కూడా లోపలి చెవికి చేరుతుంది, కాబట్టి పాడుతూ విన్నదీ, రికార్డులో విన్నదీ ఒకటి కావు. అందుకే శ్రుతి తీర్పు రాత్రి ఇవ్వకండి, పొద్దున చెవి తాజాగా ఉన్నప్పుడు స్పీకరు మీద తక్కువ సౌండ్‌లో వినండి. పాడేటప్పుడు ఒక వైపు కప్పు కాస్త పక్కకి జరిపి సొంత గొంతుని గాల్లోంచి వినడం చాలామంది గాయకులు చేసేదే, మంచి అలవాటు.

తంతి వాద్యమేదైనా ఉంటే సరిచూసుకోవడం ఇంకా తేలిక. తంబుర స్వరానికీ మీ తంతికీ మధ్య తేడా ఉంటే శబ్దం ఊగుతుంది. ఒకటి 440, ఇంకోటి 442 హెర్ట్జ్ అయితే సెకనుకి రెండుసార్లు ఊగుతుంది, దగ్గరయ్యేకొద్దీ ఆ ఊగడం నెమ్మదించి చివరికి ఆగిపోతుంది. ఇది తక్కువ సౌండ్‌లోనే బాగా తెలుస్తుంది. చెవి మీద నమ్మకం కుదిరేదాకా ట్యూనర్ యాప్‌ని కూడా పక్కన పెట్టుకోండి, అందులో తప్పేం లేదు.

మీరు వాడే మందుల పేర్లు రాయలేదు. ఫిట్స్‌కీ, ముఖంలో వచ్చే నరాల నొప్పికీ ఇచ్చే కార్బమజెపైన్ అనే మందు కొందరిలో అన్ని స్వరాలనీ అరస్వరం దాకా దించి వినిపిస్తుంది, అంటే ఒకటిన్నర శ్రుతి ఒకటిలా ఉంటుంది. మీలా ఒక చెవికే తేడా ఉంటే అది కాకపోవచ్చు, అయినా వాడుతుంటే డాక్టరుకి చెప్పండి. మీ అంతట మీరు మాత్రం ఆపేయకండి.

పెద్దమ్మ ప్రేమతోనే చెప్పి ఉంటారు, కానీ నూనె వద్దు. కర్ణభేరికి రంధ్రం ఉంటే అది లోపలికి పోయి చీము పట్టిస్తుంది, వేడి ఎక్కువైతే చర్మం కాలుతుంది. మీ సమస్య నూనె చేరే చోటులో లేదు కూడా. బడ్స్, అగ్గిపుల్లలు సరేసరి, అసలు వద్దు. గుబిలి గట్టిపడి ఉంటే డాక్టరే తీస్తారు.

వినాయక నిమజ్జనం ఊరేగింపులో డీజే బాక్సుల పక్కన నడవాల్సి వస్తే చెవుల్లో ప్లగ్‌లు పెట్టుకోండి. మామూలు ఫోమ్ ప్లగ్ పై స్వరాలని ఎక్కువగా మింగేస్తుంది కాబట్టి కచేరీలకి సంగీతకారుల కోసం చేసే ప్లగ్‌లు మేలు, అవి అన్ని స్వరాలనీ దాదాపు సమానంగా తగ్గిస్తాయి.

ఆడియోమెట్రీకి, అంటే వినికిడి పరీక్షకి వెళ్ళే ముందు కనీసం 14 గంటలు పెద్ద శబ్దాలకి దూరంగా ఉండండి, లేకపోతే అలసటే రిపోర్టులో లోపంలా కనిపిస్తుంది. కడప రిమ్స్ ఇ.ఎన్.టి. ఓపీలో అడగండి. ఈలోగా చెవి ఉన్నట్టుండి మూసుకుపోయినా, ఒక చెవి వినికిడి ఒక్కసారిగా పడిపోయినా, తల తిరిగినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఆ రోజే వెళ్ళండి. అలాంటివాటికి మొదటి రెండు మూడు రోజుల్లో మందు పడితేనే వినికిడి తిరిగొచ్చే అవకాశం ఎక్కువ. రిపోర్టు వచ్చాక గ్రాఫులో 4000 హెర్ట్జ్ దగ్గర గీత కిందికి గుంటలా దిగిందేమో చూసి, రెండు చెవుల అంకెలూ నాకు రాయండి. పెద్ద శబ్దాల దెబ్బ సాధారణంగా ముందు అక్కడే కనిపిస్తుంది.