ఎఫ్‌డీ తీసి రేసుల్లో పెట్టొచ్చా?

ప్రశ్న: వచ్చే రెండు వారాల్లో పెద్ద రేసులున్నాయి. మూడు నెలలుగా ఫారం (ఈ మధ్య ఏ గుర్రం ఎలా పరిగెత్తిందో), జాకీలు, ట్రైనర్లు అన్నీ ఫాలో అవుతున్నా, నాలుగు గుర్రాల మీద గట్టి నమ్మకం ఉంది. ఆరు నెలల ఖర్చులకని దాచిన ఎఫ్‌డీలో సగం తీసి ఆడదామనుకుంటున్నా. నాలుగింటికీ ఎలా పంచమంటారు? జాక్‌పాట్ కూడా ట్రై చేయనా?

జవాబు: ఎఫ్‌డీ జోలికి వెళ్లకండి. ఉద్యోగం పోతేనో ఇంట్లో ఎవరైనా మంచాన పడితేనో అక్కరకొస్తుందని దాచుకున్న డబ్బండీ అది, దాని మీద నా దగ్గర ఇంక బేరం లేదు.

ఇక గుర్రాల సంగతి. మీ పూర్తి ఉత్తరంలో వాటి గురించే పేజీన్నర రాశారు, ఏది తడి ట్రాక్ మీద వెనకపడుతుందో, దేనికి జాకీ మారాడో అన్నీ ఉన్నాయి, నిజం చెప్పాలంటే మ్యూచువల్ ఫండ్ కొనేటప్పుడు ఇందులో పదో వంతు చదివేవాళ్లు కూడా నాకు తగల్లేదు. కానీ ఒక్క గుర్రం పక్కనా రేటు, అంటే గెలిస్తే రూపాయికి ఎంతిస్తారో, రాయలేదు! గెలుస్తుందా అనేది ఒక లెక్క, ఈ రేటుకి ఆడితే గిట్టుతుందా అనేది ఇంకో లెక్క, మీరు మొదటిదే చూస్తున్నారు.

ఆరు గుర్రాల రేసు, బుకీ బోర్డు మీద 1కి 2, 1కి 3, 1కి 4, 1కి 5, 1కి 6, 1కి 8 అని ఉందనుకోండి. 1కి 2 అంటే రూపాయి పెట్టి గెలిస్తే ఆ రూపాయి కాక పైన రెండు. ఏది గెలిచినా మన చేతికి 100 రావాలంటే వరసగా 33.3, 25, 20, 16.7, 14.3, 11.1 పెట్టాలి. కూడితే 120 పైమాటే, అంటే 120 ఇచ్చి 100 తెచ్చుకోవడం. టోట్‌లో, అంటే అందరి పందేల డబ్బూ ఒకే పూల్‌లో వేసి గెలిచినవాళ్లకి పంచేచోట, బుకీ ఉండడు కదా అంటారేమో, 1860ల్లో పారిస్‌లో జోసెఫ్ ఓలేర్ మొదలుపెట్టిన పద్ధతి అది, అక్కడ కూడా పూల్‌లోంచి కట్ తీశాకే మిగిలింది గెలిచినవాళ్లకి పంచుతారు, పైగా మీరు టికెట్ కొన్నప్పటి రేటు కాదు, బెట్టింగ్ మూసేసరికి ఎంతుంటే అంతే. కట్ 20 శాతం అనుకుంటే, వచ్చిందల్లా మళ్లీ ఆడుతూ పోతే సగటున 100 కాస్తా 80, తర్వాత 64, మూడో రౌండ్‌కి 51.

పంచడానికి పద్ధతి లేకపోలేదు. అమెరికాలో టెలిఫోన్ పరిశోధనలు చేసే బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన జాన్ కెల్లీ 1956లో, ఎంత పెట్టాలో చెప్పే ఒక ఫార్ములా ఇచ్చాడు. 1కి 2 రేటున్న గుర్రానికి నిజంగా 40 శాతం చాన్స్ ఉంటే, ఆటకని పక్కన పెట్టిన డబ్బులో పదో వంతు పెట్టమంటుంది. చాన్స్ 33 శాతమే అయితే? సున్నా, అసలు ఆడొద్దంటుంది. ఆ 40కీ 33కీ తేడా మీరు పట్టగలరా అన్నదే ప్రశ్న. హాంకాంగ్‌లో కంప్యూటర్ మోడల్‌తో రేసులాడి బాగా సంపాదించిన బిల్ బెంటర్ కూడా తన అంచనా ఒక్కదాన్నే నమ్ముకోలేదు, జనం పెట్టిన రేటుని కూడా మోడల్‌లో కలిపాడు. మీకు తెలిసిన జాకీ మార్పు పక్కవాడికీ తెలుసు కదండీ, రేట్లోకి అది ఎప్పుడో ఎక్కేసి ఉంటుంది.

ఇంకోటి, పోతే తర్వాతి పందెం డబుల్ చేస్తా అని ఉత్తరం చివర్లో చిన్నగా రాశారు, అది చదివి నాకు భయమేసింది. మూడింట ఒకసారి గెలిచేవాడికి కూడా వంద పందేల్లో వరసగా ఎనిమిది పోవడం వింతేం కాదు. 100తో మొదలెట్టి డబుల్ చేస్తూ పోతే ఎనిమిదికి 25,500 హుష్‌కాకి, తొమ్మిదో పందేనికి 25,600 కావాలి, అదీ గెలిస్తే మిగిలేది ఎంత, 1కి 1 రేటు మీద అయితే ముచ్చటగా 100!

జాక్‌పాట్ వదిలేయండి. ఐదు రేసులు వరసగా కొట్టాలి, ఒక్కోదానికి మూడింట ఒక వంతు చాన్స్ ఉందనుకున్నా 243లో ఒకసారి.

ఆడకుండా ఉండలేనంటే సినిమాకో షికారుకో పోతే పోయిందని ఖర్చుపెట్టేంత డబ్బు, అది కూడా నెల జీతంలోంచి, నాలుగు గుర్రాలకీ సమానంగా, అయిపోతే ఇంటికి. అంతకంటే ముందు ఒక పని చేయండి. ఈసారి బోర్డు చూడకముందే మీ నాలుగింటికీ ఎంత చాన్స్ ఉందో శాతాల్లో కాగితం మీద రాసుకోండి, పక్కన బోర్డు రేటు, ఆ పక్కన రిజల్ట్. రెండు వారాలయ్యాక ఫోటో తీసి పంపండి, పోయినవి కొట్టేయకుండా.