గైడ్‌ను సైటేషన్లు చూసి ఎంచుకోవచ్చా?

ప్రశ్న: బీటెక్ సీఎస్‌ఈ చివరి ఏడాది చదువుతున్నా. కంప్యూటర్ విజన్‌లో (కంప్యూటర్‌కు చిత్రాలను అర్థం చేసుకోవడం నేర్పే రంగం) ఎంఎస్ బై రిసెర్చ్ చేయాలనుంది. ఇద్దరు ప్రొఫెసర్ల గూగుల్ స్కాలర్ పేజీలు చూశాను. ఒకరికి 300 పేపర్లు, 9 వేల సైటేషన్లు (ఇతరులు తమ పేపర్లలో ఆయన పేపర్లను ప్రస్తావించిన సంఖ్య). ఇంకొకరికి 35 పేపర్లు, 2 వేల సైటేషన్లు. నాన్నగారు మొదటి ఆయన దగ్గరే చేరమంటున్నారు. ఏం చేయమంటారు?
- ఒక విద్యార్థి, కాకినాడ

జవాబు: ర్యాంకు చూసి కాలేజీని, ప్యాకేజీ చూసి ఉద్యోగాన్ని తూచడం మన ఇళ్లలో అలవాటే కాబట్టి మీ నాన్నగారు అలా అనడంలో వింతేమీ లేదు. ఆ లెక్కే చేద్దామన్నా, భాగించి చూడండి. మొదటి ఆయనకు పేపరుకు సగటున 30 సైటేషన్లు, రెండో ఆయనకు 57. అయితే సగటును కూడా నేను పెద్దగా నమ్మను.

ఎందుకో చెబుతాను. కైమింగ్ హే, మరో ముగ్గురు మైక్రోసాఫ్ట్ రిసెర్చ్‌లో ఉండగా చిత్రాలను గుర్తుపట్టే రెస్‌నెట్ అనే మోడల్ గురించి రాసిన పేపర్, ఈ రంగంలోని పెద్ద కాన్ఫరెన్సు సీవీపీఆర్‌లో 2016లో ఉత్తమ పేపర్‌గా నిలిచింది. గూగుల్ స్కాలర్‌లో దాని సైటేషన్లు 2 లక్షలు దాటాయి. ఎక్స్‌రేలు చదివించేవారూ, పంట తెగుళ్లు గుర్తించేవారూ తమ మోడల్‌కు పునాదిగా దాన్నే వాడుకుని దాని పేరు రాశారు. అంతటి పేపర్ కూడా పరిశోధకులను తూచే మరో కొలత, హెచ్-ఇండెక్స్‌కు కలిపేది మహా అయితే ఒకటి. భౌతిక శాస్త్రవేత్త హోర్హే హిర్ష్ 2005లో ప్రతిపాదించిన ఈ కొలత ప్రకారం హెచ్-ఇండెక్స్ 20 అంటే, కనీసం 20 సైటేషన్లు వచ్చిన పేపర్లు 20 ఉన్నాయని, అంతే. మొత్తం సైటేషన్లను ఒక్క పేపరే పెంచేయగలదు, హెచ్-ఇండెక్స్ ఆ ఒక్క పేపర్‌ను దాదాపు పట్టించుకోదు. రెండిట్లో దేన్ని నమ్ముకున్నా సగం బొమ్మే కనిపిస్తుంది.

కాబట్టి పై అంకెలు వదిలేసి పేపర్ల జాబితాలోకి దిగండి. మన ఇంజినీరింగ్ కాలేజీల్లో ముందు అడిగేది 'స్కోపస్ జర్నలేనా?' అని, అంటే స్కోపస్ అనే సూచీలో చేరిన జర్నలేనా అని. కంప్యూటర్ విజన్‌లో ఆ ప్రశ్నకు అంత విలువ లేదు. ఇక్కడ ముఖ్యమైన పని ఎక్కువగా కాన్ఫరెన్సుల్లోనే వస్తుంది: ఏటా జరిగే సీవీపీఆర్, బేసి సంవత్సరాల్లో ఐసీసీవీ, సరి సంవత్సరాల్లో ఈసీసీవీ. 2024 సీవీపీఆర్‌కు 11,532 పేపర్లు వస్తే 2,719 మాత్రమే తీసుకున్నారు. అలాగని మిగతా చోట్ల వచ్చినవన్నీ తీసిపారేయకండి. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ వాళ్లు హైదరాబాద్, బెంగళూరు రోడ్ల మీద తీసిన దృశ్యాలతో 10,004 చిత్రాల ఇండియా డ్రైవింగ్ డేటాసెట్ తయారుచేసి 2019లో డబ్ల్యూఏసీవీ అనే మరో కాన్ఫరెన్సులో పెట్టారు. అది పై మూడింటిలో లేదు. కానీ ఆటోలు, ఆవులు, గీతలు చెరిగిపోయిన రోడ్ల మీద పరిశోధన చేసేవారు దాన్ని వెతుక్కుంటూ వస్తారు.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైంది, రచయితల పేర్ల వరస. ఈ రంగంలో సాధారణంగా మొదటి పేరు పని చేసిన విద్యార్థిది, చివరి పేరు గైడ్‌ది. గత నాలుగేళ్ల పేపర్లే తీసుకోండి. మీరు అనుకుంటున్న ప్రొఫెసర్ పేరు చివర ఉందా, లేక పదిమంది మధ్యలో ఎక్కడో ఉందా? మొదటి పేర్లు ఆయన సొంత ల్యాబ్ పిల్లలవేనా? ఒకే పేరు మళ్లీ మళ్లీ వస్తోందా, లేక నలుగురైదుగురు పిల్లలకు తలా ఒక మంచి పేపర్ ఉందా? ఆ పేర్లు లింక్డిన్‌లో వెతికితే వాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారో తెలుస్తుంది. ఒక పూట పని. సైటేషన్ల గ్రాఫ్ కన్నా ఆ పేర్లే మీ రెండేళ్ల భవిష్యత్తు గురించి ఎక్కువ చెబుతాయి.

మీరు రాసిన వివరాలను బట్టి అయితే నా మొగ్గు రెండో ఆయన వైపే. కానీ ఆ 2 వేలూ ఎప్పుడో ఆయన పీహెచ్‌డీ రోజుల నాటి ఒక్క పేపర్ వల్ల వచ్చి, ఆ తర్వాత జాబితా ఖాళీగా ఉంటే నా మాట వెనక్కి తీసుకుంటాను.

ఇంకో మాట, మీరు అడక్కపోయినా. దరఖాస్తు బరువెక్కుతుందని డబ్బు కట్టించుకుని నెలలో పేపర్ వేయించే జర్నళ్ల జోలికి పోకండి. మంచి ల్యాబ్‌లో ఇంటర్వ్యూ చేసేవారు వాటిని చూసి మార్కులు తగ్గిస్తారే తప్ప పెంచరు. దానికి బదులు ఏదైనా పేపర్ ఫలితాన్ని మీరే కోడ్ రాసి మళ్లీ రాబట్టి గిట్‌హబ్‌లో పెట్టండి.

చేరే ముందు ఆ ల్యాబ్‌లో ఇద్దరు సీనియర్లకు మెయిల్ రాయండి. సార్ వారానికి ఎన్నిసార్లు కలుస్తారు, మోడళ్లకు శిక్షణ ఇవ్వడానికి వాడే జీపీయూ చిప్‌ల కోసం ఎన్నాళ్లు ఆగాలి, పేపర్ తిరస్కరిస్తే ఆయన ఏం చేస్తారు - ఈ మూడూ అడగండి.