ఏఆర్ కోర్సుకు లక్షా ఇరవై వేలు కట్టమంటారా?

ప్రశ్న: మాది ఏలూరు జిల్లా జంగారెడ్డిగూడెం. మోటార్ వైండింగ్ షాపు నడుపుతున్నాను. మా అమ్మాయి బీటెక్ సీఎస్‌ఈ మూడో సంవత్సరం. జావా, స్ప్రింగ్ బూట్ బాగానే వచ్చంటుంది. ఇప్పుడు ఆగ్మెంటెడ్ రియాలిటీ (ఏఆర్) వైపు వెళ్తానని పట్టుబట్టింది. ఆరు నెలల ఏఆర్, మెటావర్స్ కోర్సుకు ఒక శిక్షణ సంస్థ లక్షా ఇరవై వేలు అడుగుతోంది. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా బావమరిదేమో ఆ రంగం పనైపోయింది, డబ్బు దండగ అంటున్నాడు. ఎటూ తేల్చుకోలేక టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: కోర్సుకు కట్టకండి. అలాగని అమ్మాయిని ఆపకండి.

కళ్ళెదుటి దృశ్యం మీదే డిజిటల్ బొమ్మలు, వివరాలు తేలుతూ కనిపించేలా చేయడమే ఏఆర్. దాని గురించి మీ బావమరిది మాటలో సగం నిజముంది. గూగుల్ 2014లో ‘టాంగో’ పేరుతో మొదలుపెట్టిన ఏఆర్ వేదికను 2018 మార్చిలో మూసేసింది. మైక్రోసాఫ్ట్ 2024లో తలకు పెట్టుకునే ఏఆర్ పరికరం హోలోలెన్స్ 2 తయారీ ఆపేసింది. మనం ఒక చోట పెట్టిన డిజిటల్ బొమ్మ ఎక్కడుందో గుర్తుపెట్టుకునే ‘అజూర్ స్పేషియల్ యాంకర్స్’ సర్వీసును కూడా అదే ఏడాది నవంబరులో తీసేసింది. ఇన్‌స్టాగ్రామ్ ఎఫెక్టులు తయారుచేసుకునే మెటా వారి స్పార్క్ 2025 జనవరిలో ఆగిపోయింది. ఈ పేర్లే చదువుగా నేర్చుకుని రెజ్యూమెలో రాసుకున్నవాళ్ళు మళ్ళీ మొదటికొచ్చారు. మీరు చెప్పిన కోర్సు పేరులోనే ‘మెటావర్స్’ ఉందంటే నాకు అనుమానమే.

మిగతా సగం ఆయన చూడనిది. లెన్స్‌కార్ట్ యాప్‌లో కళ్ళజోడు ముఖానికి పెట్టి చూసుకోవడం, గూగుల్ మ్యాప్స్‌లో కెమెరా ఎత్తితే రోడ్డు మీదే బాణం గుర్తు కనిపించడం, ఇవన్నీ ఏఆరే. వీటిని వాడేవాళ్ళు ఆ పేరు పలకరు, అంతే. వేదికలు మూతపడుతూనే ఉంటాయి, కొత్తవి వస్తూనే ఉంటాయి. ఏది వచ్చినా దాని వెనక సర్వర్ వైపు పని ఒకటి ఉంటుంది. పంపు పొలంలో కనిపిస్తుంది కానీ కరెంటు సబ్‌స్టేషన్ నుంచే రావాలి కదా, ఇదీ అంతే. ఆ వెనక పనినే వెబ్ సర్వీసులు అంటారు. వాటిని రాయడానికి వాడే జావా, స్ప్రింగ్ బూట్ వచ్చిన మీ అమ్మాయి ఇప్పటికే ఆ గుమ్మంలో నిలబడి ఉంది.

ఈ కలయిక కొత్తదేమీ కాదు. 1997లో కొలంబియా విశ్వవిద్యాలయంలో స్టీవెన్ ఫైనర్ బృందం వీపుకు కంప్యూటర్ తగిలించుకుని క్యాంపస్‌లో తిరిగే ఒక ఏఆర్ గైడ్ తయారుచేసింది. తలకు పెట్టుకున్న తెరలో భవనాల పేర్లు కనిపించేవి, వివరాలు చేతిలోని చిన్న కంప్యూటర్‌లో వెబ్ పేజీలుగా తెరుచుకునేవి. అంతకు ముందే, 1992లో, బోయింగ్‌కు చెందిన కాడెల్, మైజెల్ విమానాల్లో తీగల కట్టలు అమర్చే కార్మికుల కోసం ఇలాంటి తెరనే ప్రతిపాదించారు. తీగలతో పని చేసే మీకు ఈ సంగతి చెప్పకుండా ఉండలేకపోయాను.

ఇక అమ్మాయికి నా అసలు సలహా: ఫైనల్ ఇయర్ ప్రాజెక్టును మీ షాపు నుంచే తీసుకోమనండి. రైతు సబ్‌మెర్సిబుల్ మోటార్ రీవైండింగ్‌కు తెస్తే ఎన్ని చుట్లు వేశారో, ఏ గేజి తీగ వాడారో మీరు నోటు పుస్తకంలో రాసుకుంటారు. రెండేళ్ళ తర్వాత అదే మోటార్ కాలితే ఆ పేజీ వెతకడం ఒక పని. ఇప్పుడు పొలంలోని స్టార్టర్ బాక్సు మీద మీ షాపు స్టిక్కర్ ఒకటి అంటించారనుకోండి. మీ కుర్రాడు ఫోన్ కెమెరా దానివైపు పెట్టగానే, బాక్సు మీదే కాంటాక్టర్ ఏది, ఓవర్‌లోడ్ రిలే ఎంతకు సెట్ చేశారు, చివరిసారి ఎప్పుడు రీవైండ్ చేశారు అన్నవి తేలుతూ కనిపించాలి. వినడానికి చిన్నదే. సర్వీసు డిజైన్ చేయడానికి కూర్చుంటే ఇందులో కావలసినంత సరుకుంది.

మొదటి ప్రశ్న, ఏ పని ఫోన్‌లో జరగాలి, ఏది సర్వర్‌లో జరగాలి అన్నది. కెమెరా సెకనుకు 30 ఫ్రేములు ఇస్తే ఒక్కో ఫ్రేముకు ఉండే సమయం 33 మిల్లీసెకన్లు. సర్వర్‌కు వెళ్ళి జవాబు తెచ్చుకోవడానికి మొబైల్ నెట్‌వర్క్‌లో తరచుగా అంతకన్నా ఎక్కువే పడుతుంది. కాబట్టి చెయ్యి కదిలినప్పుడల్లా బొమ్మను చోటు తప్పకుండా పట్టుకునే పని పూర్తిగా ఫోన్‌దే, ఆండ్రాయిడ్ ఫోన్లలో ఏఆర్ కోసం గూగుల్ ఇచ్చే ఏఆర్‌కోర్ దాన్ని చూసుకుంటుంది. ఏం చూపించాలి, స్టిక్కర్‌కు ఎంత దూరంలో చూపించాలి, ఎవరికి చూపించాలి అన్నవే సర్వర్ చెప్పాలి. ఆ దూరాలు కూడా పిక్సెళ్ళలో కాదు, స్టిక్కర్ మధ్య నుంచి మీటర్లలో ఇవ్వాలి. ఎందుకంటే ఒక్కో ఫోన్ తెర ఒక్కో సైజు, బాక్సు సైజు మాత్రం మారదు.

రెండోది స్టిక్కర్. ఏఆర్‌కోర్‌లో ఒక బొమ్మల డేటాబేస్‌కు 1000 బొమ్మల పరిమితి ఉంది. రైతుకో బొమ్మ గీస్తూ పోతే ఒకనాటికి గోడ తగులుతుంది. అందరికీ ఒకే బొమ్మ వేసి, పక్కన క్యూఆర్ కోడ్‌లో బాక్సు నంబరు పెడితే సరి. బొమ్మ చోటు చెబుతుంది, కోడ్ అది ఎవరి బాక్సో చెబుతుంది. స్టిక్కర్ ఎందుకు, బొమ్మ పెట్టిన చోటును గూగుల్ సర్వర్‌లో దాచే క్లౌడ్ యాంకర్లు వాడొచ్చుగా అని అమ్మాయి అనొచ్చు. గూగుల్ క్లౌడ్ యాంకర్‌కు గడువు గరిష్ఠంగా 365 రోజులు, ఆలోగా పొడిగించుకుంటూ ఉండాలి. రీవైండింగ్ చేసిన మోటార్ అంతకన్నా ఎక్కువ కాలమే నడవాలని మీ కస్టమర్ ఆశ.

మూడోది, నా లెక్కన అన్నిటికన్నా ముఖ్యమైనది, సిగ్నల్. పామాయిల్ తోట మధ్యలో బోరు దగ్గర నెట్ సరిగ్గా రాదన్నది మీకు నేను చెప్పాలా? ఉదయం షాపులోనే ఆ రోజు వెళ్ళాల్సిన బాక్సుల వివరాలన్నీ ఒకే రిక్వెస్టుతో ఫోన్‌లోకి దించుకోవాలి. ఒక్కో లేబుల్‌కు ఒక్కో రిక్వెస్టు పంపేలా రాస్తే పొలంలో ఒక్కటీ రాదు. బరువైన త్రీడీ మోడల్‌ను త్రీడీ ఫైళ్ళకు వాడే జీఎల్‌టీఎఫ్ ఫార్మాట్‌లో, డ్రాకో అనే సాధనంతో కుదించి, వివరాలతో కలపకుండా వేరే ఫైలుగా ఉంచాలి. ఫైలు పేరులోనే వెర్షన్ నంబరు పెడితే మోడల్ మారినప్పుడే ఫోన్ మళ్ళీ దించుకుంటుంది.

కుర్రాడు పొలంలో ‘కెపాసిటర్ మార్చాను’ అని రాస్తాడు. సిగ్నల్ వచ్చాక ఫోన్ దాన్ని సర్వర్‌కు పంపుతుంది. సర్వర్ రాసుకుంది కానీ ‘అందింది’ అన్న జవాబు దారిలో పోయింది. ఫోన్ మళ్ళీ పంపుతుంది. ఇప్పుడు పుస్తకంలో రెండు కెపాసిటర్లు, రైతుకు రెండింటి బిల్లు! దీనికి మందు ఏమిటంటే, ప్రతి ఎంట్రీకి ఫోన్‌లోనే ఒక ప్రత్యేక నంబరు పుట్టించి పంపడం, అదే నంబరు రెండోసారి వస్తే సర్వర్ కొత్తగా రాసుకోకుండా పాత జవాబునే తిప్పి పంపడం. ఈ ఒక్క ముక్కను మీ అమ్మాయి ఇంటర్వ్యూలో బోర్డు మీద గీసి చెప్పగలిగితే, పేమెంట్ యాప్ కంపెనీ అయినా కూర్చోబెట్టి వింటుంది. వాళ్ళకూ రోజూ ఉండే తలనొప్పి ఇదే.

స్టిక్కర్ స్కాన్ చేసిన ప్రతివాడికీ రైతు పేరు, ఫోన్ నంబరు కనిపించకూడదు. కెమెరా దృశ్యం సర్వర్‌కు పంపకపోతే ఇంకా మంచిది, పంపని దానికి పూచీ పడక్కర్లేదు. 2023 డేటా రక్షణ చట్టం ఒకసారి చదివి రిపోర్టులో ఒక పేజీ రాయమనండి.

తర్వాత బోర్ల మ్యాపు కూడా చేర్చాలనుకుంటే అక్కడ ఒక మంచి గుంట ఉంది. మీ వైపు రేఖాంశం 81 డిగ్రీల చిల్లర. దాన్ని దశాంశ సంఖ్యలను తక్కువ చోటులో దాచే 32 బిట్ల ఫ్లోట్‌లో దాస్తే ఒక విలువకూ దాని పక్క విలువకూ మధ్య నేల మీద దాదాపు 80 సెంటీమీటర్ల తేడా వస్తుంది. ఫోన్ జీపీఎస్ ఆరుబయటే సుమారు 5 మీటర్లు అటూ ఇటూ చెబుతుంది కాబట్టి మామూలు మ్యాపులో ఈ తప్పు ఎవరికీ తెలియదు. కెమెరాతో వీధి దృశ్యాలను పోల్చి చోటు పట్టే ఏఆర్‌లోకి వచ్చేసరికి లేబుల్ పక్క బాక్సు మీద కూర్చుంటుంది. రెట్టింపు బిట్లుండే ‘డబుల్’ వాడితే పోయేదానికి చాలామంది రోజుల తరబడి తల పట్టుకుంటారు. డేటాబేస్‌కు, చోట్లూ దూరాలూ లెక్కగట్టే పోస్ట్‌జీఐఎస్ నేర్చుకోమనండి, ‘నాకు 2 కిలోమీటర్లలో ఉన్న బోర్లు’ అన్న ప్రశ్నకు జవాబు ఒక్క క్వెరీలో వస్తుంది.

మీ షాపుకు రద్దీ సమస్య రాదు కానీ, ఆ సంగతి ఆమెకు తెలిసుండాలి. 2016లో పోకెమాన్ గో అనే ఏఆర్ ఆట వచ్చినప్పుడు సర్వర్లకు మామూలు అంచనా ఒకటైతే, మరీ ఎక్కువొస్తే ఐదింతలు అనుకున్నారు. వచ్చింది యాభై ఇంతలు. వెనక ఉన్న డేటాబేస్, కంటైనర్ల ఏర్పాటు గురించి గూగుల్ క్లౌడ్ వాళ్ళే బహిరంగంగా రాశారు, వెతికి చదవమనండి.

ఉద్యోగాల మాటకొస్తే, ‘ఏఆర్ డెవలపర్’ అని వెతికితే ఎక్కువగా ఆటలు తయారుచేసే సాధనం యూనిటీ, అందులో వాడే సీ షార్ప్ భాష అడిగే ప్రకటనలే వస్తాయి. ఫ్రెషర్లకు అవి తక్కువే. బ్యాకెండ్ (సర్వర్ వైపు) ఇంజినీర్, జియోస్పేషియల్, మ్యాప్స్, త్రీడీ పైప్‌లైన్ అన్న మాటలతో వెతకమనండి. ఇందులో హైదరాబాద్ మనకు కలిసొచ్చే ఊరు. ఆపిల్ తన మ్యాప్స్ పని కోసం 2016లో అక్కడే కేంద్రం తెరిచింది. ఇస్రో మ్యాపుల వెబ్‌సైటు ‘భువన్’ నడిపే ఎన్‌ఆర్‌ఎస్‌సీ ఉన్నదీ అక్కడే. ఏఆర్ మార్కెట్ మందగించినా ఈ చదువు వృథా పోదు, మామూలు బ్యాకెండ్ ఉద్యోగానికి ఇది నాలుగు ఆకులు ఎక్కువ చదివినట్టే. పైచదువు ఆలోచన ఉంటే గేట్‌లో 2022 నుంచి జియోమాటిక్స్ (భూమి కొలతలు, మ్యాపుల శాస్త్రం) పేపర్ ఉంది. ట్రిపుల్ఐటీ హైదరాబాద్‌లో కంప్యూటర్ విజన్‌కు (బొమ్మలను కంప్యూటర్ అర్థం చేసుకునే విద్యకు) సీవీఐటీ, భౌగోళిక సమాచారానికి ల్యాబ్ ఫర్ స్పేషియల్ ఇన్ఫర్మేటిక్స్ ఉన్నాయి. అక్కడ ఎంఎస్ బై రీసెర్చ్‌కు ప్రయత్నించవచ్చు. అమెరికా ఎంఎస్ గురించి మీరు అడగలేదు కాబట్టి నేనూ మాట్లాడను.

కోర్సు ఎందుకు వద్దన్నానంటే, అందులో నేర్పే యూనిటీ ఈ ప్రాజెక్టుకు అవసరమే లేదు. ఏఆర్‌కోర్‌ను ఆండ్రాయిడ్‌లో జావా, కోట్లిన్ భాషలతో నేరుగా వాడుకోవచ్చు, డాక్యుమెంటేషన్ ఉచితం, నమూనా కోడ్ కూడా దానితోనే వస్తుంది. బ్రౌజర్‌లోనే చేస్తానంటే వెబ్‌ఎక్స్‌ఆర్ ఉంది కానీ, ఐఫోన్ సఫారీలో దానితో ఏఆర్ నడవదు, పైగా స్టిక్కర్ బొమ్మను గుర్తుపట్టే సౌకర్యం అందులో ఇంకా ప్రయోగ దశలోనే ఉంది. మొదట ఆండ్రాయిడ్ యాప్‌గానే మొదలుపెట్టమనండి. ముందు సర్వీసు, దానికి టెస్టులు, ఆ తర్వాతే కెమెరా. చాలామంది పిల్లలు తేలే బొమ్మతో మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు, డెమోలో అందరూ చప్పట్లు కొడతారు, వెనక డేటా ఎక్కడిదని అడిగితే కోడ్‌లోనే రాసి ఉంటుంది.

ఖర్చు పెట్టాల్సింది ఒక్కటి ఉండొచ్చు, ఫోన్. అన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో ఏఆర్‌కోర్ పనిచేయదు. పనిచేసే మోడళ్ళ జాబితా గూగుల్ ఇచ్చింది. ఇప్పుడు ఆమె చేతిలో ఉన్న ఫోన్ అందులో ఉంటే పైసా ఖర్చు లేదు. లేకపోతే జాబితాలో మోడల్ పేరు చూసుకున్నాకే షాపువాడికి డబ్బులివ్వండి.